ఫ్లూక్ వేటకు వెళ్లే అల్లుడికి

అల్లుడూ,

జూన్‌లో మీ అత్తమామలు, అంటే మా అక్కయ్యా బావగారూ, న్యూజెర్సీలో మీ ఎడిసన్ వస్తున్నారనీ, ఒక రోజు బావగారిని గైడ్ పడవ మీద ఫ్లూక్ చేపల వేటకు తీసుకెళ్లాలనుకుంటున్నావనీ రాశావు. మంచి పని. ఆకివీడు దగ్గర ఉప్పుటేరు గట్టున గాలం వేసుకుని పొద్దుపోయేదాకా కూర్చునే మనిషిని ఔట్‌లెట్ మాల్ చుట్టూ తిప్పితే పాపం తగులుతుంది. కానీ "శనివారం పదింటికి పడవ దొరుకుతుందా మావయ్యా" అని అడిగావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. పడవ దొరుకుతుంది. ఆ టైముకు చేప కూడా ఒప్పుకోవాలి కదా.

ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆ చేప సంగతి కొంచెం తెలియాలి. సమ్మర్ ఫ్లౌండర్ అని ప్రభుత్వం కాగితాల్లో రాస్తారు, న్యూజెర్సీ రేవుల్లో మాత్రం అందరూ ఫ్లూక్ అనే అంటారు. మన వైపు నాలుక చేపలాగా బల్లపరుపుగా ఉంటుంది, కాకపోతే ఇంకా వెడల్పు, నోటి నిండా సూదుల్లాంటి పళ్లు. పిల్లగా ఉన్నప్పుడు మామూలు చేపలాగే చెరో పక్క ఒక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ కుడి కన్ను నెత్తి మీదుగా ఎడమ పక్కకు జరుగుతుంది. ఇక ఆ తర్వాత బతుకంతా కుడి పక్క కిందకు పెట్టి పడుకునే ఉంటుంది. పై పక్క ఏ నేల మీద ఉంటే ఆ రంగుకు మారిపోతుంది. ఒంటి మీద ఇంత ఇసుక కప్పుకుని, రెండు కళ్లూ బయట పెట్టి కాపు కాస్తుంది. నోటి ముందు నుంచి చిన్న చేపో, రొయ్యో, పీతో పోతుంటే మాత్రం లేచి బాణంలా దూసుకొస్తుంది.

అంటే తిండిని వెతుక్కుంటూ ఊరంతా తిరిగే రకం కాదు. తిండిని నీళ్లు తెచ్చిపెట్టాలి. నీళ్లు కదలాలంటే ఆటో పోటో నడుస్తుండాలి. పోటు నిండిపోయి నీళ్లు నిలబడ్డ అరగంటలో ఎంత గొప్ప గైడ్ అయినా నీకు చూపించేది పక్షుల్నే. శనివారం పదింటికి సరిగ్గా అదే అరగంట పడితే నువ్వు కట్టిన డబ్బుకు ఎండ మాత్రం బాగా తగులుతుంది.

ఇంకొకటి, ఆటా పోటా అన్నది కూడా నెలను బట్టి మారుతుంది. చలికాలమంతా ఈ చేపలు తీరానికి దూరంగా లోతు నీళ్లలో ఉంటాయి. వసంతంలో సముద్రపు మొగల గుండా, అంటే సముద్రానికీ లోపలి ఉప్పునీటి బేలకూ మధ్య ఉండే సన్న దారుల గుండా, ఆ బేల్లోకి వస్తాయి. మే, జూన్‌లలో సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది, లోపల నాలుగైదు అడుగుల నీళ్లు మాత్రం ఎండకు తొందరగా వేడెక్కుతాయి. న్యూజెర్సీ తీరంలోని బార్నెగాట్ బే సగటు లోతు అయిదడుగుల దరిదాపుల్లోనే. మధ్యాహ్నం దాకా బురద మేటల మీద కాగిన నీళ్లు ఆటు మొదలవగానే గడ్డి బీళ్లలోంచి, చిన్న పాయల్లోంచి చేప పిల్లల్నీ రొయ్యల్నీ వెంటేసుకుని కాలువలోకి దిగుతాయి. పాయ మూతి దగ్గర, కాలువ గట్టు జారుగా దిగేచోట ఫ్లూక్‌లు పడుకుని ఉంటాయి. అందుకే జూన్ మొదట్లో నన్నడిగితే మధ్యాహ్నం పూట వచ్చే ఆటు, అందులోనూ రెండో సగం, బంగారం. అదే జులై ఆఖరుకు లెక్క తిరగబడుతుంది. బే నీళ్లు వేడెక్కిపోయి పెద్ద చేపలు మొగ దగ్గరకూ బయట సముద్రంలోకీ జరుగుతాయి. అప్పుడు చల్లటి శుభ్రమైన నీళ్లు తెచ్చే పోటు కోసం చూడాలి.

గాలి కూడా ఇందులో చెయ్యి పెడుతుంది. వరసగా రెండు మూడు రోజులు దక్షిణం, నైరుతి గాలులు గట్టిగా వీస్తే జెర్సీ తీరంలో పైనీళ్లు తీరానికి దూరంగా నెట్టుకుపోయి అడుగునున్న చల్లనీళ్లు పైకొస్తాయి. బీచ్‌లో స్నానానికి దిగినవాళ్లు కెవ్వుమంటారు, గుర్తుందా? ఆ నీళ్లు పోటుతో మొగలోంచి లోపలికొస్తే ఫ్లూక్‌లు నోరు తెరవవు. ఇవన్నీ నువ్వు లెక్కలు కట్టుకోనక్కర్లేదు. రోజూ ఆ నీళ్ల మీద ఉండేవాడికి ఇవన్నీ తెలుసు, వాడికి నువ్వు డబ్బిచ్చేది ఇందుకే. కాబట్టి ఫోన్ చేసినప్పుడు "శనివారం పదింటికి ఉందా" అనకు. "జూన్ రెండో వారంలో నాకు ఈ నాలుగు రోజులు వీలు, వీటిలో ఏ రోజు, ఏ టైము మంచిదో మీరే చెప్పండి" అను. అందులో ఒకటైనా పని రోజు ఉండేట్టు చూసుకో. వీకెండ్‌లో కాలువల నిండా పడవలే, మూడు గజాల లోతు లేని చోట ప్రతి పడవా చేపల్ని బెదరగొడుతుంది. నీ మేనేజర్ ఒక రోజు సెలవిస్తే కంపెనీ మునిగిపోదు.

ఆ కెప్టెన్ మధ్యాహ్నం రెండింటికి రమ్మంటే సంతోషించు. ఎప్పుడడిగినా "ఉదయం ఆరింటికి ఒక ట్రిప్పు, పన్నెండింటికి ఒక ట్రిప్పు, ఏది కావాలి" అనేవాడైతే ఆటుపోట్లను బట్టి కాకుండా బస్సు టైమ్‌టేబుల్‌లా నడుపుతున్నాడని అర్థం. వాడూ చేపలు పట్టిస్తాడు, కొన్ని రోజులు. నేనైతే ఇంకొకణ్ని వెతుకుతాను.

పడవల్లో రకాలున్నాయి. పార్టీ బోటు అంటే తలకింత టికెట్, డజన్ల మంది రెయిలింగ్ వెంబడి వరసగా నిలబడతారు, ఎక్కువగా మొగ బయట లోతు నీళ్లకు వెళ్తుంది. చవక, సరదా కూడా. కానీ బావగారికి ఇంగ్లీషు అంత పట్టుబడదు, అక్కడ కుర్రాళ్లు అరిచి చెప్పేది అర్థంకాక ఇబ్బంది పడతారు. మీకు కావాల్సింది బే లోపల తిరిగే చిన్న పడవ, ఇరవై పైచిలుకు అడుగులది. కోస్ట్ గార్డ్ మామూలుగా ఇచ్చే చిన్న లైసెన్సుతో డబ్బులిచ్చే మనుషుల్ని ఆరుగురి దాకా ఎక్కించుకోవచ్చు. ఆరుగురిని ఎక్కించవచ్చు కదా అని మీరందరూ ఎక్కొద్దు. ముగ్గురు చాలు, నువ్వూ బావగారూ బాబూ. నలుగురు దాటితే ఒకరి దారం ఒకరికి చుట్టుకోవడమే సరిపోతుంది. అక్కయ్యకు ఎలాగూ పడవ పడదు. అమ్మాయి ఆవిణ్ని తీసుకుని బార్నెగాట్ లైట్‌హౌస్ దగ్గర పార్కులో కూర్చుంటే మొగలోంచి పోయే పడవలన్నీ కనిపిస్తాయి.

ఎక్కడికెళ్లాలని నన్నడిగితే బార్నెగాట్ బే, మనహాకిన్ బే వైపే. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా వెళ్లి 63వ ఎగ్జిట్ దగ్గర దిగి 72వ రోడ్డు పడితే వంతెన దాటి లాంగ్ బీచ్ ఐలండ్. ఇంకొంచెం కిందకు వెళ్తే మలికా నది సముద్రంలో కలిసే గ్రేట్ బే ఉంది, అదీ మంచిదే, జనం తక్కువ. రాష్ట్రం దక్షిణపు కొసనున్న కేప్ మే దాకా వెళ్లమని కొందరు చెప్తారు. చేపలుంటాయి, కాదనను. కానీ అరవై దాటిన మనిషిని అంత దూరం కారులో కూర్చోబెట్టి మళ్లీ పడవలో కూర్చోబెడితే మిగిలేది నడుం నొప్పి.

బుక్ చేసేముందు ఇంకో రెండు మూడు విషయాలు అడిగేయ్. రాడ్లూ ఎరా వాళ్లవేనా, పట్టిన చేపను కోసి ఇస్తారా, వాతావరణం బాగోక వాళ్లే మానేస్తే అడ్వాన్సు ఏమవుతుంది, అన్నీ. మొహమాటపడకుండా అడగాల్సింది మాత్రం బాత్రూం గురించి. ఇంత చిన్న పడవల్లో చాలావాటికి ఉండదు. బావగారికి షుగర్ ఉంది, నాలుగు గంటలు అలా ఉండలేరు. మధ్యలో ఏదైనా రేవులో ఆపుతారా అని ముందే మాట్లాడుకో. "ఎన్ని చేపలు గ్యారంటీ" అని మాత్రం అడగకు. అడిగితే మంచి కెప్టెన్‌కు నీ మీద మర్యాద పోతుంది, చెడ్డ కెప్టెన్ ఏదో ఒక అంకె చెప్తాడు. ట్రిప్పు అయ్యాక బిల్లు మీద పదిహేను, ఇరవై శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. చేపలు పడకపోయినా ఇవ్వాలి. పడని రోజే వాళ్లు ఎక్కువ కష్టపడతారు.

రూల్సు జాగ్రత్త. న్యూజెర్సీలో ఉప్పునీటి వేటకు లైసెన్సు ఫీజు లేదు, ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి అంతే. లైసెన్సు ఉన్న గైడ్ పడవ ఎక్కితే అదీ అక్కర్లేదు. కానీ చేప కొలత, సంఖ్య, సీజన్ తేదీలు మారుతూ ఉంటాయి. 2023లో 17 నుంచి 18 అంగుళాల లోపువి రెండు, 18 పైన ఒకటి అన్నారు. 2024లో అది తీసేసి మనిషికి మూడు, ఒక్కొక్కటి 18 అంగుళాలకు తగ్గకూడదు, మే 4 నుంచి సెప్టెంబరు 25 దాకా అన్నారు. మీరు వెళ్లే వారం రాష్ట్ర ప్రభుత్వం సైట్లో ఒకసారి చూసుకో, కెప్టెన్ ఎలాగూ చెప్తాడు. 17 ముప్పావు ఉన్న చేపను చూసి బావగారు "ఇంత చేపను వదిలేయడమేంట్రా" అంటారు, రాసిపెట్టుకో. 18 రూలే ఉంటే వదిలేయాల్సిందే. పావు అంగుళం తక్కువైనా ఫైను కట్టాల్సింది చిన్న మొత్తం కాదు, పైగా కెప్టెన్ లైసెన్సుకే ముప్పు. నాకు ఈ రూలు మీద వేరే గొడవ ఉంది. ఫ్లూక్‌లలో ఆడవే త్వరగా, పెద్దగా పెరుగుతాయి. 18 అంగుళాల పైన ఉంచుకోమంటే గుడ్లు పెట్టే తల్లుల్నే ఏరి ఇంటికి తెచ్చుకోమన్నట్టు. 2023 లెక్కే నాకు నచ్చింది. ఏం చేస్తాం, మనల్ని అడిగి పెడతారా.

ఇక పడవ మీద. గైడ్ మీ చేతికి ఆరున్నర, ఏడడుగుల సన్న రాడ్ ఇస్తాడు. దారం అల్లిక రకం, పది, పదిహేను పౌండ్ల బరువు ఆపేది, చాలా పల్చన. చివర లీడరు అనే కంటికి కనబడని దారం ముక్క, దాని కింద బక్‌టెయిల్ జిగ్, అంటే సీసం తలకు జింక తోక వెంట్రుకలు కట్టిన గాలం. దానికి ఓ అడుగు పైన ఇంకో గాలం, రెండింటికీ వాసనొచ్చే మెత్తటి ప్లాస్టిక్ ఎర గుచ్చుతారు, తెలుపో గులాబీయో. కొందరు స్క్విడ్ ముక్కో, కిల్లీ అనే బతికున్న చిన్న చేపో పెడతారు. బావగారు అడుగుతారు, "బెండు ఏదీ?" అని. బెండు ఉండదు. ఇక్కడ చూసుకోవాల్సింది కళ్లతో కాదు, వేళ్లతో.

పడవను ప్రవాహానికి వదిలేస్తారు. జిగ్‌ను నేలకు దించి, తగిలిందని తెలియగానే దారం వదలడం ఆపేయాలి. తర్వాత మణికట్టుతో కొద్ది అంగుళాలే లేపడం, దించడం, లేపడం, దించడం. ప్రతి దించుకీ సీసం నేలను తాకిన చిన్న టక్ వేలికి తెలియాలి. తెలియకపోతే నీ ఎర ఫ్లూక్ నెత్తి మీద నుంచి పోతోందన్నమాట, దారం ఇంకొంచెం వదులు. మరీ వదిలేస్తే పడవ వెనక ఈడ్చుకుపోయి ఈల్‌గ్రాస్ చుట్టుకుంటుంది. గడ్డి పోగు ఒక్కటి గాలానికి అంటుకున్నా ఫ్లూక్ ముట్టదు, బద్ధకించకుండా పైకి లాగి తీసేయ్. కొత్తవాళ్లందరూ చేసేది ఒకటుంది, రాడ్‌ను మోచెయ్యి దాకా ఎగరేయడం. నాలుగడుగుల నీళ్లలో అంత ఎగరేస్తే గాలం పడవలోకి వస్తుంది. బాబుకు ముఖ్యంగా చెప్పు.

చేప ఎరను పట్టినప్పుడు గట్టి లాగుడేమీ ఉండదు. టక్ అని తగలాల్సిన చోట తగలదు, లేదా లేపేసరికి తడిగుడ్డ పట్టుకున్నట్టు బరువుగా ఉంటుంది. జిగ్‌తో అయితే ఆ బరువు తెలియగానే రాడ్ లేపేయ్. స్క్విడ్ పెట్టిన పొడుగు ఎర అయితే ఒక్క క్షణం రాడ్ కిందకు వంచి, నోట్లోకి పోనిచ్చి, అప్పుడు నిదానంగా లేపు. ఏది ఎప్పుడో గైడ్ చెప్తాడు. వాడు "రీల్" అంటే రీల్ చెయ్యి, "ఆగు" అంటే ఆగు. బావగారికి నువ్వు పక్కన నిలబడి తెలుగులో చెప్పు, కానీ మామగారికి పాఠం చెప్పే అల్లుడిలా కాదు. గట్టున కూర్చుని ఆయన పట్టినన్ని చేపలు నువ్వు ఫ్రోజెన్ సెక్షన్‌లో కూడా చూసి ఉండవు. రెండు మూడు దించులయ్యేసరికి ఆయన వేలే ఆయనకు చెప్తుంది.

చేపలు తప్పిపోయేది చాలావరకు పడవ పక్కనే. కింద నుంచి వస్తున్నంతసేపూ ఊరుకున్న చేప వెలుగు చూడగానే తల విదిలిస్తుంది. దాని తలను నీళ్ల పైకి లేపావంటే గాలం జారిపోతుంది. నీటి మట్టానికి కొంచెం కిందనే ఉంచి, రాడ్‌ను వంపులోనే పట్టుకుని, తల ముందుగా గైడ్ వల మీదకు నడిపించు. వల వాడి చేతిలోనే ఉండాలి. సంబరంలో నువ్వు లాక్కుని చేప వెనక నుంచి పొడిచావనుకో, తోక ఒక్క కొట్టుడుకి వెళ్లిపోతుంది.

ఎర వేసిన ప్రతిసారీ ఫ్లూకే రాదు. సీ రాబిన్ అని రెక్కలు విప్పుకుని గురగురమనే ముళ్ల చేప వస్తుంది, స్కేట్ వస్తుంది, బండలాంటి మొహంతో టోడ్‌ఫిష్ వస్తుంది, ఇది కొరుకుతుంది కూడా. ఎర తోక నున్నగా కత్తిరించినట్టు పోయిందంటే బ్లూఫిష్ పని. వేటి నోట్లోనూ బాబును వేలు పెట్టనీయకు. వదిలేసే ఫ్లూక్‌ను మాత్రం చెయ్యి తడి చేసుకుని పట్టుకోమను. పొడి చెయ్యి తగిలితే ఒంటి జిగురు ఊడిపోతుంది. ఫోటో మోజు ఉంటే ఒక్కటి తీసి వెంటనే నీళ్లలో పెట్టాలి.

తీసుకెళ్లాల్సినవి పెద్దగా లేవు. టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు, డెక్ మీద నల్ల చారలు పెట్టని చెప్పులు, నీళ్లు, పులిహోర. నీళ్ల మీద ఎండ రెండు వైపుల నుంచీ తగులుతుంది, సన్‌స్క్రీన్ రాసుకోమంటే బావగారు వినరు, పొడుగు చేతుల చొక్కా వేయించు. బాబుకు పదమూడు రాలేదు కాబట్టి లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, చట్టం అది. సరిపడే సైజు ఉందో లేదో ముందే కనుక్కో. బే లోపల అలలు తక్కువ కాబట్టి వాంతుల టెన్షన్ పెద్దగా ఉండదు. ట్రిప్పు జులైకి జరిగితే మాత్రం గ్రీన్‌హెడ్ ఈగలుంటాయి. పడమటి గాలి వీచిన రోజున గడ్డి బీళ్ల మీద నుంచి వచ్చి చొక్కా మీదుగా కుడతాయి, ఏ మందూ పెద్దగా పనిచేయదు. జూన్ అనడానికి అదీ ఒక కారణం. ఐస్ పెట్టె కారులో వదిలేయ్, పడవ మీద కెప్టెన్‌కు తనది ఉంటుంది. ఇంకో మాట, అక్కయ్య తప్పకుండా అరటిపళ్లు సర్దుతుంది. వాటినీ కారులోనే వదిలేయ్. పడవ మీద అరటిపండు అరిష్టమని ఇక్కడి జాలర్ల పట్టింపు. నవ్వకు, మన రేవుల్లో పడవ ముందు కొబ్బరికాయ కొట్టడం లేదా.

మాటల్లో బావగారు "పెద్దది ఎంత ఉంటుంది" అని అడిగితే 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటాక్ దగ్గర 22 పౌండ్ల 7 ఔన్సులది పడిందని చెప్పు, ప్రపంచ రికార్డు. పది పౌండ్లు దాటితే ఇక్కడివాళ్లు డోర్‌మ్యాట్ అంటారు. బే లోపల మీకు అంతది దొరకదు. ఇరవై అంగుళాలది ఒకటి దొరికితే ఆ వారమంతా భీమవరం వాట్సాప్‌లో అదే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక చేపను పులుసులో వేయొద్దని అక్కయ్యకు చెప్పు. మెత్తటి కండ, ఉడికితే విడిపోతుంది. ఒక్క చేపకు నాలుగు ముక్కలొస్తాయి, పై పక్క రెండు, కింద పక్క రెండు, ముల్లుండదు. వాటికి కారం, పసుపు, కొంచెం అల్లం వెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయిస్తే చాలు. కోసేవాణ్ని తలా ముల్లూ పారేయొద్దను, చాలామంది అడగకపోతే పారేస్తారు. చింతపండు పులుసు వాటితో పెట్టమను, చెంపల దగ్గర రెండు చిన్న కండలుంటాయి, అవి బావగారికి వేయమను.

కెప్టెన్ ఏ రోజు, ఏ టైము చెప్పాడో నాకు మెసేజ్ పెట్టు. ఆ రోజు ఆటు ఎప్పుడో నేనూ చూస్తాను. మొగ దగ్గర టైముకూ లోపలి బేలో టైముకూ గంటల తేడా ఉంటుంది, ఫోన్లో మొదట కనిపించిన అంకె చూసి కెప్టెన్‌తో వాదనకు దిగకు. మూడో సీటు ఖాళీ అయ్యేట్టుంటే, అంటే బాబుకు స్కూలు ఉంటే, నాకు చెప్పు. నా రాడ్ నేనే తెచ్చుకుంటాను.

మీ మావయ్య